దబ్బ అంటు చుట్టిన కాగితం

మొన్న హారిక ఫోన్ చేసింది. కరీంనగర్ అమ్మాయి. ఇక్కడ దక్షిణ కొసనున్న ఇన్వర్‌కార్గిల్‌లో చదువుకుని, అక్కడి చలికి రెండేళ్లు వణికి, ఇప్పుడు ఆక్లాండ్ ఎయిర్‌పోర్టులో నేను చేసిన ఉద్యోగంలోనే చేరింది. చేరి మూడు వారాలైంది.

"ఆంటీ, రోజంతా సంచులు తెరుసుడేనా? నిన్న ఒక పెద్దమ్మ దగ్గర కరివేపాకు కట్ట గుంజుకున్న. ఆమె ఏడ్సింది, నాకు గూడ ఏడుపొచ్చింది. ఇన్నేండ్లు మీరెట్ల జేసిన్రు ఆంటీ?"

ఫోన్లో దానికి జవాబు చెప్పలేక, రాసి పంపుతానన్నాను. ప్రమోషన్లు, ట్రైనింగులు, ఫారాల సంగతి రాయను. అవన్నీ ఆఫీసులోనే ప్రాణం తీసి మరీ చెప్తారు. ఒక్క కేసు గురించి రాస్తాను. అందులో నేను రెండు తప్పులు చేశాను. మొదటి తప్పు వల్ల ఒక పెద్ద నేరస్తుడు దొరికాడు కాబట్టి అందరూ నన్ను మెచ్చుకున్నారు. రెండో తప్పు సంగతి ఆఫీసులో ఎవరికీ చెప్పలేదు.

మన పని

ఈ దేశంలోకి పరాయి పురుగు, పరాయి తెగులు రాకుండా చూడటం మన పని. వినడానికి చిన్నదిగా ఉంటుంది. నేను అగ్రికల్చర్ చదివి, మొక్కల తెగుళ్ల మీద ఎమ్మెస్సీ చేసి, పెళ్లయ్యాక ఇక్కడికి వచ్చాను. మొదటి ఏడాది పాపటోయిటోయిలో ఒక గోడౌన్‌లో అట్టపెట్టెలకు టేపు వేశాను. తర్వాత క్వారంటైన్ ఉద్యోగం దొరికింది. కడప జిల్లా కోడూరులో నిమ్మ తోటలు, మీరు బత్తాయి అనే చీనీ తోటల మధ్య పుట్టినదానికి ఇంతకన్నా సరిపోయే ఉద్యోగం ఏముంటుందని మా ఆయన సంబరపడ్డాడు.

మొదటి నెలలోనే ఒక గుంటూరు ఆంటీ నా ముందుకు వచ్చింది. సిగలో పూలున్నాయని తనే చెప్పి, తీసి ఇచ్చింది. పూల కింద చూస్తే సిగలోపల కరివేపాకు మొక్క ఉంది. వేళ్లకు తడిగుడ్డ కూడా చుట్టింది.

"నువ్వూ మన తెలుగుపిల్లవే కదమ్మా. ఒక్క నిమిషం అటు తిరిగితే నీ సొమ్మేం పోయింది?" అంది.

నేను అటు తిరగలేదు. ఆమె నన్ను తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఒక్కటి మాత్రం అప్పుడే అర్థమైంది. జనం వీటిని తినడానికి తెచ్చుకోవడం లేదు, అవి లేకుండా ఉండలేక తెచ్చుకుంటున్నారు. మా పైఅధికారి గ్రేమ్ అనే కివీ (ఈ దేశం) ఆయన, సంచి తెరిచే ముందు దాన్ని సర్దింది ఎవరో అడగమనేవాడు. అమ్మ సర్దిందని చెప్తే ఇంకాస్త లోతుగా వెతకమనేవాడు. ఆయన చెప్పినవాటిలో నాకు ఎక్కువగా పనికొచ్చింది ఇదే.

బూట్లు

అప్పటికి రెండువేల సంవత్సరం దాటి నాలుగైదేళ్లయింది. నన్ను అప్పుడు పోస్టు పార్సిళ్ల దగ్గర వేశారు. ఇటలీ నుంచి ఒక పార్సిల్ వచ్చింది. లోపల కొత్త తోలు బూట్లు. ఎక్స్‌రేలో బూటు ముక్కు దగ్గర సన్నటి పుల్లలు కనిపించాయి.

బూట్లలో పాత న్యూస్‌పేపరు ఉండలు కుక్కి, వాటి మధ్య తడి కాగితంలో ఏడు పుల్లలు చుట్టి పెట్టారు. ఒక్కొక్కటి జానెడు పొడవు. ఆకులు కోసేసి కాడలు మాత్రం వదిలారు. రెండు చివర్లా మైనం అద్దారు. మా నాన్న కోడూరు నర్సరీలో అంట్లు కట్టేవాడు. దూరం ఊళ్లకు అంటు కట్టే మొగ్గ కన్నులు పంపాలంటే పుల్లల్ని ఆయన సరిగ్గా ఇలాగే సిద్ధం చేసేవాడు.

ఒక కాడను వేళ్లతో నలిపి వాసన చూశాను. దబ్బ.

మా పద్మక్క ఎండాకాలం మజ్జిగలో దబ్బాకు నలిపి వేసేది. బడి నుంచి వచ్చేసరికి చెంబు నిండా కలిపి, పైన మూత పెట్టి ఉంచేది. ఆ వాసన తగిలి అప్పటికి ఎన్నేళ్లయిందో. చేతికి గ్లవ్స్, ఎదురుగా కెమెరా, చుట్టూ పదిమంది తోటి ఉద్యోగులు, మధ్యలో నేను కళ్లు తుడుచుకుంటున్నాను. దుమ్మని చెప్పాను.

రూలు ప్రకారం పుల్లల్లో మూడింటిని ల్యాబుకు పంపి, మిగతావాటిని, వాటికి చుట్టిన కాగితాలతో సహా సీలు వేసి కాల్చేయాలి. నేను కాగితాలు విప్పి సాపు చేశాను. ఎందుకంటే ఏం చెప్పను? బజ్జీలు తిన్నాక ఆ కాగితం చదవకుండా పారేసిన మనిషి మా ఇంట్లో లేడు. బెల్లం పొట్లం కట్టిన కాగితాన్ని కూడా మరకల్లోంచి చదివేవాళ్లం. కథ సగంలో తెగిపోతే మిగతాది నేనూ అక్కా కల్పించుకునేవాళ్లం. నాకు ఇటాలియన్ ఒక్క ముక్క రాదు, అయినా చెయ్యి ఊరుకోలేదు.

ఒక పేజీలో నల్లటి గీతల మధ్య ఒక పెద్దావిడ ఫోటో, దాని మీద శిలువ గుర్తు. ఆ ప్రకటన పైకి కనిపించేలా పేజీని మడిచి, మిగతా ఉండల్లా నలపకుండా జాగ్రత్తగా పెట్టారు. భాష రాకపోయినా అదేమిటో తెలిసింది. మనవైపు చావు కబురు ఉత్తరం రాసేటప్పుడు పైన 'అశుభం' అని రాస్తారు. చదివినవాళ్లు దాన్ని చించి పారేసి తలస్నానం చేస్తారు. చదవాల్సిన మనిషి చదవకుండా ఆ ఉత్తరాన్ని చించరు.

ఆ కాగితాన్ని కాల్చడానికి నాకు చేతులు రాలేదు. ప్లాస్టిక్ కవర్లో సీలు చేసి ఫైల్లో పెట్టాను. ఇదీ నా మొదటి తప్పు. తెగులు కాగితానికి కూడా అంటుకుని వస్తుంది. హారికా, నువ్వు మాత్రం ఇలా చేయకు.

పీటర్ తోట

పార్సిల్ మీది అడ్రసు ఆక్లాండ్‌కు పడమటవైపున్న ఒక తోటది. మరుసటి రోజే వెళ్లాను. మరణ ప్రకటనలో ఏముందో తెలియకుండా ఆ పార్సిల్ మనిషి చేతిలో పెట్టడం మంచిది కాదని కాగితం వెంట తీసుకెళ్లలేదు. మా శాఖ కోసం ఇటాలియన్ లేబుళ్లు చదివిపెట్టే సిల్వానా గురువారం వస్తుంది. ఆవిడ చదివాక ఇద్దామనుకున్నాను.

ఆ తోటాయనకు డెబ్బై అయిదేళ్లుంటాయి. చుట్టుపక్కల అందరూ పీటర్ అంటారు. తెల్లచొక్కా మెడదాకా బొత్తాలు పెట్టుకుని, గడ్డం గీసుకుని, పెళ్లికి తయారైనట్టున్నాడు. నేను గుర్తింపు కార్డు చూపించి పార్సిల్ సంగతి చెప్పాను. ఏమాత్రం బుకాయించలేదు.

"పట్టుకున్నారా? రెండేళ్ల కిందట మా ఆవిడ ఒకటి పంపిస్తే పట్టుకోలేదు మీరు. రండి, చూపిస్తాను" అన్నాడు.

గ్లాస్‌హౌస్ వెనక గాలి తగలని మూల ఒక దబ్బచెట్టు. జంబీరు అనే నాటు నిమ్మ మొక్క మీద కట్టిన అంటు. అంటు కట్టినచోట మచ్చ కూడా తెలియనంత నేర్పుగా ఉంది. చెట్టుకు రెండు కాయలున్నాయి, ఇంకా పచ్చివి. ఈయన చెయ్యి మా నాన్న చేతికి తీసిపోదని నాలో నేనే ఒప్పుకున్నాను.

"మా ఇంటి పెరట్లో చెట్టుది. చచ్చేలోగా ఒక్క పండు తినాలని నా కోరిక" అన్నాడు.

"ఈ చెట్టును తీసేయాల్సి వస్తుంది. దానికి తెగులుంటే చుట్టుపక్కల తోటలన్నీ పోతాయి."

"పండు పండేదాకా ఆగుతారా?"

"అది నా చేతిలో లేదు. ల్యాబు వాళ్లు చెప్పాలి."

ఆయన తల ఊపి, వరండాలోకి పిలిచి కాఫీ పెట్టాడు. నేను గేటువైపు చూసే కుర్చీలో కూర్చోబోతే, మర్యాదగా ఇంకో కుర్చీ చూపించి ఆ కుర్చీలో తను కూర్చున్నాడు. మాట్లాడుతున్నంతసేపూ గేటు మీదనుంచి చూపు తిప్పలేదు. మా ఊళ్లోనూ ఇలా కూర్చునే పెద్దమనిషి ఒకాయన ఉండేవాడు. చిన్నప్పుడు నాకు బెల్లం ముక్క పెట్టేవాడు. ఆయన మాట వినని రైతులు పొద్దున లేచేసరికి కాపుమీదున్న చీనీ చెట్లు నరికేసి ఉండేవి. ఆ ఆలోచన వచ్చింది కానీ నిలబడలేదు. కాఫీ అంత బాగుంది మరి.

భార్య ఊళ్లోనే ఉందన్నాడు. ఆమెను చూసి పదహారేళ్లైందట. ఎందుకు రాలేదంటే విమానమంటే భయమన్నాడు. తర్వాత, ఏదో మామూలు సంగతి అడిగినట్టు, "బూట్లలో కాగితం ఉండాలే. మా ఊరి పేపరు" అన్నాడు.

"ఉంది. ఆఫీసులో ఉంది."

"ఆమె ఎప్పుడూ పెడుతుంది. పాతదైనా సరే, వాతావరణం దగ్గర్నుంచి అన్నీ చదువుతాను. నవ్వుకోకండి."

"ఎందుకు నవ్వుతాను? మేం బెల్లం పొట్లాలు కూడా చదువుతాం. ఈసారి వచ్చినప్పుడు తెస్తాను" అన్నాను.

ఆయన ముఖం చిన్నపిల్లాడి ముఖంలా వెలిగిపోయింది. ఆ రోజు నాకు ఆయన నచ్చాడు. ఇప్పుడు ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ నచ్చాడు.

సిల్వానా చదివింది

సిల్వానా రిటైరైన టీచరు. ఇటలీ దక్షిణాన కలాబ్రియా నుంచి ఒక కివీని పెళ్లి చేసుకుని వచ్చి మౌంట్ ఆల్బర్ట్‌లో ఉంటోంది. గురువారం వచ్చి, కవర్లోంచే ఆ పేజీ చదివి, కళ్లద్దాలు తీసి బల్లమీద పెట్టింది.

"ఎవరు చనిపోయారు?" అన్నాను.

"ఒక ఇల్లాలు. పోయి నెల దాటింది. భర్త పేరు కూడా వేశారు." కవరును నావైపు తిప్పింది. "రత్నా, ఈ పార్సిల్ ఎవరికి వచ్చింది?"

చెప్పాను. ఆయన రూపం చెప్పాను, తెల్లచొక్కా, కుర్చీ, దబ్బచెట్టు, పదహారేళ్లు, అన్నీ చెప్పాను. ఆవిడ లేచి తలుపు మూసి వచ్చింది. ఆవిడ పుట్టిన ఊరు, ఆ మనిషి ఊరు పక్కపక్కనే. గొంతు తగ్గించి చెప్పుకొచ్చింది.

అతను మొదట పండ్ల మండీలో కాటా దగ్గర పనిచేశాడు. తర్వాత తోటలకు నీళ్లు పారే బావుల మీద పెత్తనం పట్టాడు. అతని మనిషిని అడగకుండా ఎవరూ నీళ్లు పెట్టుకోకూడదు. ఆ తర్వాత పండ్ల లారీలు, ఆ తర్వాత రోడ్ల కాంట్రాక్టులు, చివరికి రేవులో దిగే మత్తుమందు. ముప్పై ఏళ్లలో ఆ లోయకంతటికీ మాఫియా పెద్ద అయ్యాడు. పెళ్లి సంబంధాలు కూడా అతనికి చెప్పే ఖాయం చేసుకునేవాళ్లట. మాట వినకపోతే ముందు చెట్లు కోయించేవాడు, అప్పటికీ వినకపోతే మనిషిని. మూడు హత్యల్లో కోర్టు యావజ్జీవం వేసేనాటికి అతను ఊళ్లో లేడు. చనిపోయిన ఎవరిదో పేరు పెట్టుకుని దేశాలు దాటాడు. ఆమె పోయాక ఈ బూట్లు సర్ది పంపింది ఆ ఇంట్లోవాళ్లెవరో అయి ఉండాలంది, కబురు చేరడానికి వేరే దారి లేక.

"చంపినవాళ్ల శవాలైనా దొరికాయి. దొరకనివాళ్లు వేరే ఉన్నారు" అంది సిల్వానా. "కార్మేలా అని నాతో చదువుకుంది. వాళ్లాయన నర్సరీ పెట్టుకున్నాడు. నా బావి నీళ్లకు ఇంకొకడిని అడిగేదేమిటని నలుగురిలో అన్నాడు. ఒకరోజు పొద్దున అంటు కత్తి జేబులో పెట్టుకుని బయల్దేరాడు, తిరిగి రాలేదు. పందొమ్మిదేళ్లు. శవం లేదు కాబట్టి ఆమె కర్మ చేయలేదు. భర్త పోయినవాళ్లు వేసుకునే నల్లబట్టలు వేసుకోవాలో వద్దో కూడా తెలియని బతుకు."

మా నాన్న చొక్కాజేబులు అలాంటి అంటు కత్తికే చిరిగేవి.

గ్రేమ్‌కు చెప్పాను. కాగితం దాచినందుకు ముందు అరగంట చీవాట్లు పెట్టి, తర్వాత పోలీసులకు ఫోన్ చేశాడు. వచ్చిన డిటెక్టివ్ నెమ్మదైన మనిషి. ఇటలీ నుంచి వేలిముద్రలు రావాలి, పదిరోజులు పడుతుందన్నాడు.

"మీరు మానేస్తే అతనికి అనుమానం వస్తుంది. అనుకున్న రోజుకే వెళ్లండి. మామూలుగా ఉండండి. ఆ కాగితం గురించి మాత్రం ఒక్క మాట కూడా వద్దు. ఆమె పోయిందని తెలిస్తే, మనం అతని పేరు చదివామని కూడా అతనికి తెలుస్తుంది."

సరేనన్నాను. ఎవరైనా అదే అనేవారు.

అబద్ధం

రెండోసారి వెళ్లేసరికి ఆయన కుర్చీలు తుడిచి, కాఫీ గిన్నె పొయ్యిమీద పెట్టి సిద్ధంగా ఉన్నాడు. నేను ఆకులు కోసి సంచుల్లో వేసుకున్నాను. చెట్టుకు పురుగులు అంటుకునే పసుపు అట్టలు కట్టాను. చేతులు పని చేస్తున్నాయి, మనసు మాత్రం ఆ వరండాలో ఉంది. ఎంతసేపని దూరంగా ఉంటాను? వెళ్లి కూర్చున్నాను.

"నా పేపరు తెచ్చారా?" అన్నాడు.

"కాల్చేశారు. రూలు" అన్నాను.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట. గొంతు వణకలేదు, కళ్లు దించుకోలేదు. ఆయన కాస్త నిరాశపడి, పోనీలెమ్మన్నట్టు చెయ్యి ఊపాడు.

"ఈ కాయలు పండితే తొక్కను పాకంలో వేసి మిఠాయి చేస్తాను. మా ఆవిడ చేసేది, నేను చూసి నేర్చుకున్నాను. ఆమెకు పంపిస్తాను. ఇక్కడినుంచి బయటికి వెళ్లేవాటిని మీరు పట్టుకోరు కదా?" అని నవ్వాడు. "పదహారేళ్లలో నేను ఆమెకు ఏమీ పంపలేదు. ఎప్పుడూ ఆమే పంపుతుంది."

నేను కాఫీ తాగాను. ఒకవైపు, ఇతనికి జాలి చూపిస్తే కార్మేలా మొహం ఎలా చూడగలనని కోపం. ఇంకోవైపు, భార్య పోయి నలభై రోజులు దాటినా తెలియక, ఆమెకు మిఠాయి చేస్తానంటున్న ముసలాయన. రెండూ నిజమే. ఒకదాన్ని తలుచుకుంటే రెండోది పోతుందనుకున్నాను, పోలేదు.

నా బాధకు సొంత కారణం కూడా ఉంది. నేను ఈ ఉద్యోగంలో చేరే ముందు ట్రైనింగు పరీక్షలు జరిగాయి. ఆ రోజుల్లోనే కోడూరులో పద్మక్క చనిపోయింది. ఇంటికి ఫోన్ వస్తే మా ఆయన ఎత్తాడు. ఆయన మా మేనత్త కొడుకే, నాకు బావ. పరీక్షలు పాడవుతాయని తొమ్మిది రోజులు నాకు చెప్పలేదు. ఆ తొమ్మిది రోజులూ నేను నవ్వాను, సినిమాకు వెళ్లాను, అక్కకు ఉత్తరం కూడా రాశాను. బావ మీద ఆ కోపం నాకు ఎప్పటికీ పూర్తిగా పోలేదు.

తోట నుంచి ఆ సాయంత్రం ఇంటికి వచ్చి జరిగింది బావకు చెప్పాను.

"నువ్వేం జేస్తావు రత్నా? పోలీసోళ్లు జెప్పొద్దన్నారు, నువ్వు జెప్పల్యా. అంతే గదా" అన్నాడు బావ.

"నువ్వు గూడా అప్పుడు ఇట్లనే అనుకున్యావా బావా?"

ఆయన కంచం పక్కకు జరిపాడు. "అప్పుడు నీ కాడ కూకోని అన్నం తినేది శానా కష్టమయ్యేది మే" అన్నాడు. "నువ్వు అక్కను గురించి మాట్లాడితే నేను ఊ కొట్టాల. ఆ తొమ్మిది దినాలూ నాకు తెలుసు ఎట్ల గడిసినాయో."

అన్నేళ్లలో ఆయన వైపు నుంచి ఆ తొమ్మిది రోజుల్ని ఎప్పుడూ ఆలోచించలేదు. ఆలోచించాక కూడా ఆయన చేసింది సరైనదని నాకు అనిపించలేదు. నేను చేసింది కూడా.

ఆ ఉదయం

వేలిముద్రలు కలిశాయి. పొద్దున ఎనిమిదింటికి పోలీసులు వెళ్లారు. చెట్టును తీయాలి కాబట్టి నేనూ వెళ్లాను. అతను పారిపోలేదు, తుపాకీ తీయలేదు. గేటు తెరుచుకోగానే లేచి నిలబడ్డాడు. పోలీసు అతని అసలు పేరు పలికితే, ఎన్నాళ్లకో ఇంటికి ఎవరో వచ్చి పిలిచినట్టు తల ఎత్తాడు.

డిటెక్టివ్‌ను అడిగాను, ఇప్పుడు చెప్పవచ్చా అని. అతను ఆ కవరు నా చేతికిచ్చాడు.

"ఇది మీ పేపరు. కాల్చలేదు. పోయినసారి అబద్ధం చెప్పాను" అని అతని ముందు పెట్టాను.

సంకెళ్లున్న చేతులతో కవరు పట్టుకుని చదివాడు. రెండుసార్లు చదివాడు. తర్వాత ప్లాస్టిక్ మీద బొటనవేలుతో ఆమె ముఖాన్ని తుడిచాడు. ఏడుస్తున్నట్టు భుజాలు చూస్తేనే తెలిసింది, నోటి నుంచి చప్పుడు రాలేదు. పోలీసులు కూడా అటు తిరిగి నిలబడ్డారు.

"మొన్న ఇక్కడ కూర్చుని నా కాఫీ తాగారు. అప్పటికే మీకు తెలుసా?"

"తెలుసు."

"నేను మిఠాయి అంటుంటే విన్నారు."

"విన్నాను. నాది తప్పే, క్షమించండి." నా గొంతు అప్పుడు వణికింది. అయినా ఊరుకోలేదు. "మీ ఊళ్లో కార్మేలా అని ఒకామె ఉంది. భర్త సంగతి తెలియక పందొమ్మిదేళ్లుగా ఎదురుచూస్తోంది. ఆయన ఎక్కడున్నాడో మీకు తెలుసు. మీకు మీ కబురు అందింది. ఆమె కబురు ఆమెకు ఇవ్వండి."

నన్ను అలా అడగమని ఎవరూ చెప్పలేదు. అది నా పని కూడా కాదు. డిటెక్టివ్ నన్ను ఆపబోయి, ఆగిపోయాడు.

అతను కళ్లు తుడుచుకున్నాడు. చొక్కా మెడ సరిచేసుకున్నాడు. నా కళ్లలోకే చూస్తూ, "ఆ మనిషి ఎవరో నాకు తెలియదు" అన్నాడు.

గొంతు వణకలేదు. కళ్లు దించుకోలేదు. 'కాల్చేశారు, రూలు' అన్నప్పుడు నేనెలా అన్నానో అచ్చం అలాగే అన్నాడు. అందుకే అది అబద్ధమని నాకు ఎవరూ చెప్పాల్సిన పని లేకపోయింది.

కారు వెళ్లిపోయాక చెట్టు తీశాం. కొమ్మలు, వేళ్లు, కింద రాలిన ఆకులు, రెండు పచ్చికాయలు, అన్నీ సంచుల్లో వేసి సీలు వేశాను. రంపం పెట్టినప్పుడు దబ్బ వాసన తోటంతా నిండింది. మాస్కులోంచి కూడా వచ్చింది. ఆ క్షణంలో నాకు అక్క కావాలనిపించింది, అక్క చేతి మజ్జిగ కావాలనిపించింది, ఏ చెట్టూ నరకని ఊరు కావాలనిపించింది. చెట్టుకు ఏ తెగులూ లేదని తర్వాత ల్యాబు వాళ్లు చెప్పారు. అయినా తీయాల్సిందే. రూలు అదే, ఆ రూలు సరైనదేనని ఇప్పటికీ అంటాను.

కార్మేలా

అతన్ని ఇటలీకి పంపేశారు. అక్కడి జైల్లో రెండేళ్లకు చనిపోయాడు. ఎవరి గురించీ ఒక్క ముక్క చెప్పలేదని సిల్వానా పేపర్లో చదివి చెప్పింది. అతని గురించి ఇక్కడి పేపర్లు రాసినదంతా చదివాను. తోటమాలి, మంచివాడు, అందరికీ టమాటాలు ఇచ్చేవాడని పక్కింటివాళ్లు చెప్పారట. అదంతా నిజమే. హారికా, ఈ పనిలో నీకు మంచివాళ్లు చాలామంది కనిపిస్తారు. మంచివాళ్లుగా కనిపించడం పెద్ద కష్టం కాదు. మా ఊరి పెద్దమనిషి పెట్టిన బెల్లం ముక్క నాకు ఇప్పటికీ తియ్యగానే గుర్తుంది.

అతన్ని పంపేసి ఇక్కడ కేసు మూయగానే డిటెక్టివ్‌ను అడిగి, కార్మేలాకు ఒక ఉత్తరం రాశాను. సిల్వానా దాన్ని ఇటాలియన్‌లోకి మార్చింది. పెద్దగా ఏమీ లేదు అందులో. మీ భర్త గురించి అతన్ని అడిగాను, తెలియదన్నాడు, అతనికి తెలుసని నాకు అనిపించింది, ఇంతకుమించి మీకు ఇవ్వడానికి నా దగ్గర ఏమీ లేదు, అని. రాశాక కూడా పంపాలా వద్దా అని వారం రోజులు తర్జనభర్జన పడ్డాను. మానిన పుండును కెలికినట్టవుతుందేమోనని భయం. పుండు మానిందని నీకెవరు చెప్పారని సిల్వానా కసిరింది.

రెండు నెలలకు జవాబు వచ్చింది. సిల్వానా తన వంటింట్లో కూర్చుని నాకు చదివి వినిపించింది.

"అమ్మా, మీ ఉత్తరం అందింది. అతను చెప్పడని నాకు ఎప్పుడో తెలుసు. ఇన్నేళ్లూ పోలీసులు, చర్చి ఫాదరు, మా చుట్టాలు అందరూ నన్నే అడిగారు, నీ భర్త ఎక్కడికి పోయి ఉంటాడని. అతన్ని మాత్రం ఒక్కరూ అడగలేదు. అడిగింది మీరొక్కరే. అందుకని మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. నా భర్త మాట ఎత్తినప్పుడు అతను ఎలా ఉన్నాడు? ఎటు చూశాడు? ఆగి అన్నాడా, వెంటనే అన్నాడా? ఎంత చిన్న సంగతైనా సరే, రాయండి. నా భర్త గురించి ఈ పందొమ్మిదేళ్లలో నాకు వచ్చిన కబురు ఇదొక్కటే."

ఆ జవాబు రాయడానికి నాకు నాలుగు రోజులు పట్టింది. తుడుచుకున్న కళ్లు, సరిచేసుకున్న చొక్కా మెడ, వణకని గొంతు, అన్నీ రాశాను. ఆ గొంతును అంత బాగా ఎలా గుర్తుపట్టానో కూడా రాశాను.